మొదటి పాఠంలో అక్క గొంతు

బోర్డును పొడిగుడ్డతో తుడవాలి. తడిగుడ్డతో తుడిస్తే సుద్ద పట్టదు. హాజరు వేయాలి. రానివాళ్ళ ఇళ్ళకు ఫోన్ చేసి ఎందుకు రాలేదో కనుక్కోవాలి. నిన్నటి హోంవర్కు దిద్దాలి, ఇవాళ్టిది ఇవ్వాలి. కళ్ళజోడు పిల్లను ముందు బెంచీకి తేవాలి, కానీ అక్కడున్నవాళ్ళు అలగకూడదు. భోజనాల వేళ వరండాలో కాపలా కాయాలి; ఎవరి డబ్బా ఖాళీగా ఉందో చూడాలి, చూసినట్టు కనపడకూడదు. ఫీజు చీటీలు మడిచి ఇవ్వాలి. సర్క్యులర్లు చదివి సంతకం పెట్టాలి. మార్కులు కంప్యూటర్లో ఎక్కించాలి. ఏ టీచరైనా రాకపోతే వాళ్ళ క్లాసు కూడా చూసుకోవాలి. సాయంత్రం బస్సు పిల్లల్ని బస్సెక్కించి, నడిచి వెళ్ళేవాళ్ళను గేటు దాటించాలి. రేపటి పాఠానికి రాసుకోవాలి. వీటన్నిటి మధ్యా సందు దొరికినప్పుడు పాఠం చెప్పాలి.

ఇదంతా మా అక్క నాకు కాగితం మీద రాసి ఇచ్చింది. నోటితో చెప్పే వీలుంటే నోటితోనే చెప్పేది. మాట్లాడకూడదని డాక్టరమ్మ ఆర్డరు. పనులన్నీ రాశాక అడుగున గీత గీసి, దాని కింద ఇంకొక్క మాట చేర్చింది: "అరవకు."

మా నాన్న పిండిమరలో పనిచేశాడు. ఆ మర చప్పుడుకు ఆయన చెవులు పోయాయి. అక్క రెండో తరగతి టీచరు. ఆ క్లాసు చప్పుడు మీద నుంచి మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు పోయింది. "తండ్రికి చెవుల్లేవు, కూతురికి నోరు లేదు, మధ్యలో నేను టెలిఫోన్ తీగని" అని అమ్మ నవ్వుతూ అనేది. నవ్వాక కాసేపు ఎటో చూసేది.

ఇక నేను. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళిన మొదటిదాన్ని నేనే. అక్క స్కూలు చదువు కాగానే టీచరు ట్రైనింగు చేసి పనిలో చేరిపోయింది. నా ఫీజులు ఆమె జీతం లోంచి వెళ్ళాయి. నా పట్టాకి పటం కట్టించిందీ ఆమే, గోడకి మేకు కొట్టిందీ ఆమే.

చిన్నప్పుడు అక్క నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు. వసపిట్టా అనేది. నేను నిద్రలో కూడా మాట్లాడేదాన్నట. ఆ పిలుపు చివర గొంతును కాస్త పైకి లేపేది, ఎగిరే గాలిపటాన్ని దారంతో చిన్నగా లాగినట్టు. వీధి చివర ఉన్నా నాకు వినపడేది. మధ్యాహ్నాలు నా జడ వేస్తూ కథలు చెప్పేది. కథ అయిపోతుందని నేను తల ఊపుతూ జడ పాడుచేసేదాన్ని. మళ్ళీ మొదటినుంచీ వేసేది, కథ కూడా మళ్ళీ మొదటినుంచీ చెప్పేది.

బడిలో చేరాక ఆ గొంతు బడిదైపోయింది. పగలంతా క్లాసు, సాయంత్రం ట్యూషన్లు. ఇంటికి వచ్చేసరికి మిగిలింది రేపటికి దాచుకోవాలి. అందుకని మాటల బదులు చప్పట్లు వచ్చాయి. ఒక చప్పట కొడితే మంచినీళ్ళు. రెండు కొడితే అందరూ ఇటు చూడండి, ఒక సంగతి ఉంది. గ్లాసు మీద చెంచాతో కొడితే, నాన్నా, టీవీ చప్పుడు తగ్గించు. నాన్నకు ఆ చెంచా చప్పుడు వినపడేది కాదు. అమ్మ వెళ్ళి ఆయన భుజం తట్టేది. ఇల్లు ఎలాగో నడిచిపోయేది. నాకు మాత్రం ఆ పిలుపు కావాలని ఉండేది. ఒక్కసారి అను అని అడగాలంటే మనసొప్పేది కాదు. అడిగితే అనేస్తుంది, అదీ భయం.

డాక్టరమ్మ అక్క గొంతులోకి లైటు వేసి చూసి, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగింది.

అక్క పెదాలు కదిలాయి. "టీచరండీ" అని నేను అందించాను.

"రోజుకెన్ని పీరియడ్లు?"

"అన్నీ."

"బడి అయ్యాక?"

"ట్యూషన్లండీ."

"ఇంత గొంతు పెట్టుకుని మళ్ళీ ట్యూషన్లెందుకమ్మా?"

అమ్మ ముందుకు జరిగింది. "బడి జీతం మమ్మల్ని నెల మధ్యదాకా తెచ్చి వదిలేస్తుందండీ. అక్కణ్ణించి గట్టెక్కించేది ట్యూషన్లే."

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "రెండు నెలలు ఒక్క మాట మాట్లాడొద్దు. గుసగుసలు కూడా వద్దు."

అక్క తల ఎత్తి చూసింది. ఈ మధ్య ఆమె గుసగుసగానే పాఠాలు చెబుతోంది, గొంతు మిగులుతుందని.

"గుసగుస ఇంకా చెరుపు" అంది డాక్టరమ్మ. "రెండు నెలలు నోరు కట్టుకుంటే కొంత వస్తుంది. లేదంటే ఇక రాదు, నన్నడగొద్దు."

బడిలో ప్రిన్సిపాల్ గారిని, ప్రతిదానికీ ఒక సర్క్యులర్ పంపుతాడని, టీచర్లు చాటున సర్క్యులర్ సారు అంటారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆయన కూర్చునే కుర్చీ కాలు కూడా తాడుతో కట్టి ఉంది.

"సెలవంటే జీతం ఉండదమ్మా. సీటును కూడా అన్నాళ్ళు ఆపలేను. ఇంతకంటే తక్కువకి చేస్తామని గేటు దగ్గర లైను కట్టేవాళ్ళున్నారు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు డిగ్రీ కదా? ట్రైనింగు లేదు కదా? అయితే మీ అక్క బదులు నువ్వు రా. సగం జీతం రాస్తాను. సీటు మీ ఇంట్లోనే ఉంటుంది. ఆమెకి మాట వచ్చిన రోజు ఆమే కూర్చుంటుంది. రాకపోతే మాత్రం నా చేతుల్లో లేదు."

అలా అక్క రాసిచ్చిన కాగితం పట్టుకుని ఆమె క్లాసులోకి వెళ్ళాను.

యాభై మందికి పైనే ఉన్నారు. కిటికీ అవతల బస్సులు తిరిగే రోడ్డు, ఇవతల పక్క క్లాసులో లెక్కల మేడమ్ గారి ఎక్కాలు, తలమీద టకటకమనే ఫ్యాను. ఫ్యాను ఆపితే చెమట, ఆపకపోతే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అరవకు అంది కదా అని, ఇంట్లో అలవాటైనట్టు రెండు చప్పట్లు కొట్టాను. ఇటు చూడండి, ఒక సంగతి ఉంది అని నా ఉద్దేశం.

పుస్తకాలు టపటపా మూసేశారు. సంచులు భుజానికెక్కాయి. నేను నోరు తెరిచేలోపు వరుస కట్టి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, వరండాలోకి నడిచి గేటు వైపు సాగిపోయారు. అది చూసి పక్కన ఒకటో తరగతి కూడా లేచింది. అక్క ఇంటికి తెచ్చుకున్న చప్పట్లకు బడిలో అర్థం వేరని నాకేం తెలుసు? అక్కడ రెండు చప్పట్లంటే ఇంటికి పదండి అని.

ఆయమ్మ బెల్లు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో మేడమ్! నేనింకా బెల్లు కొట్టలేదే! పొద్దున్నే ఇంటికి పంపించేస్తే వాళ్ళమ్మలు నన్ను బతకనిస్తారా?"

గేటు దగ్గర వాచ్‌మన్ చేతులు చాచి నిలబడి, అందరినీ కోడిపిల్లల్ని తోలినట్టు వెనక్కి తోలాడు. లెక్కల మేడమ్ నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుంది. "మొదటి రోజే బడి మూసేశావు కదే తల్లీ! రోజూ ఇలాగే చెయ్యి, నీ పేరు చెప్పుకుని ఇంత తొందరగా ఇల్లు చేరతాం."

ఆ మధ్యాహ్నానికే అరిచాను. సాయంత్రానికి నా గొంతు బొంగురుపోయింది. లెక్కల మేడమ్ ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసిచ్చింది. "అరిస్తే ఏమవుతుందో మీ ఇంట్లోనే చూశావు కదే. మా అందరిదీ అదే కథ. నేను ఇంటికెళ్ళి మా ఆయనతో కూడా వేళ్ళమీదే మాట్లాడతాను. ఆయనకదే సుఖంగా ఉన్నట్టుంది, ఒక్క రోజు కూడా ఫిర్యాదు చెయ్యలేదు."

పిల్లలు అక్కను పెద్ద టీచర్ అంటారు. నన్ను చిన్న టీచర్ అన్నారు. కొన్నాళ్ళకు నేను చప్పట్లు కొట్టడం మానుకున్నాను, వాళ్ళు నా మాట వినడం మొదలుపెట్టారు. అప్పుడు చదివించడం మొదలుపెట్టాను.

ముందుపళ్ళు ఊడిన పిల్ల లేచి రైలు పాఠం తీసింది. చదవబోయే ముందు, ఉహుఁ, అని గొంతు సవరించుకుంది. ఒక పేరా చదివి మళ్ళీ, ఉహుఁ.

"మంచినీళ్ళు తాగమ్మా" అన్నాను.

"దాహం లేదు టీచర్."

తర్వాత లేచిన పిల్లాడూ అంతే. ఆ తర్వాత పిల్లా అంతే. ప్రతి పేరాకీ ముందు, ఉహుఁ.

"ఏంటర్రా, అందరికీ ఒక్కసారే జలుబు చేసిందా?"

వాళ్ళు నన్ను జాలిగా చూశారు. ముందుపళ్ళ పిల్ల విడమరిచి చెప్పింది. "జలుబు కాదు టీచర్. చదివేముందు అలా అనాలి. పెద్ద టీచర్ అలాగే అంటారు."

వాళ్ళకు చదవడమంటే తెలిసింది ఆమె చదవడమే. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ ఆగారు, ఎక్కడ దగ్గితే అక్కడ దగ్గారు. అదీ చదువులో భాగమే అనుకున్నారు.

మర్నాడు ఒక తండ్రి వచ్చాడు. "మావాడికి దగ్గు మేడమ్. డాక్టరుకి చూపించాం. గొంతులో ఏమీ లేదన్నాడు. విచిత్రమేంటంటే, పుస్తకం మూసేస్తే దగ్గు పోతోంది!"

తర్వాత అక్క ఆఖర్న చెప్పిన పాఠం తీయించాను. చీమ ఇల్లు కట్టుకునే పాఠం. క్లాసు మొత్తం ఒక్కసారిగా ముందుకు వంగి, పెదాలు కదిలీ కదలకుండా, గుసగుసగా చదవడం మొదలుపెట్టింది. అంతమంది పిల్లలు గుసగుసలాడితే ఎండుటాకుల మీద గాలి వీచినట్టుంటుంది.

"గట్టిగా చదవండి" అన్నాను.

"ఇది గట్టిగా చదివే పాఠం కాదు టీచర్" అన్నాడు ఒకడు, గుసగుసగానే. "ఇది చిన్నగా చదివే పాఠం."

నా చేతులు వాటంతటవే పుస్తకాన్ని వెనక్కి తిప్పాయి. చీమ పాఠంలో గుసగుస. దానికి ముందు రైలు పాఠంలో దగ్గు. మరి మొదట్లో? బడి తెరిచిన కొత్తలో, అక్క గొంతు ఇంకా ఉండగా చెప్పిన పాఠం?

"మొదటి పాఠం తీయండి."

బెంచీలు కిర్రుమన్నాయి. అందరూ లేచి నిలబడ్డారు. అది నిలబడి చదివే పాఠమట.

"మబ్బూ మబ్బూ, ఎటు పోతున్నావు? మా ఊరి మీద ఆగవూ?"

దగ్గు లేదు. గుసగుస లేదు. నిండుగా, తేటగా, ప్రతి ప్రశ్న చివరా గొంతు కాస్త పైకి లేపి చదివారు. ఆగవూ అన్నప్పుడు ఆ లేపడం నాకు తెలుసు. గాలిపటం దారాన్ని చిన్నగా లాగినట్టు ఉంటుందది. నేను మేజా అంచు పట్టుకున్నాను. వీధి చివర నుంచి అక్క నన్ను పిలుస్తున్నట్టే ఉంది. పిలిచింది మాత్రం నన్ను కాదు, మబ్బును.

ఆ రోజు నుంచి బెల్లు కొట్టబోయే ముందు రోజూ మొదటి పాఠం చదివించాను. "మళ్ళీ మబ్బేనా టీచర్?" అని పిల్లలు విసుక్కున్నారు. "పరీక్షలో ఆ ఒక్క పాఠమే వస్తుందా ఏంటే?" అని లెక్కల మేడమ్ గోడవతల నుంచి అడిగింది. కిటికీ వైపు తిరిగి నిలబడి వినేదాన్ని.

ఇంట్లో ఆ పిల్లల చదువు అనుకరించి చూపించాను, ఆ దగ్గూ, ఆ తండ్రి ఫిర్యాదూ అన్నీ. అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "ఏమిటంట? ఏమిటంట?" అని నాన్న అందరి మొహాలూ చూశాడు. అక్క భుజాలు ఊగేలా, చప్పుడు లేకుండా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. గొంతు మీద చెయ్యి పెట్టుకుని, అలాగే కూర్చుండిపోయింది. మబ్బు పాఠం సంగతి మాత్రం నేను చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

గడువు అయ్యాక డాక్టరమ్మ రోజుకు కొన్ని మాటలు మాట్లాడొచ్చంది. ఇంట్లో పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు అందరం ఆమె ఎదురుగా కూర్చున్నాం. మొదటి మాట ఎవరికని అమ్మా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. అక్క నాన్న వైపు తిరిగి, సన్నగా, కొత్త పెన్సిలుతో గీసినట్టు, "నాన్నా" అంది.

నాన్న గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

అమ్మ ఆయన్ని కుదిపింది. "అమ్మాయి పిలిచిందయ్యా!"

"పిలిచిందా? ఏమంది? మళ్ళీ అనమ్మా!"

"వద్దు!" అని అమ్మా నేనూ ఒక్కసారిగా అరిచాం. నాన్న బెదిరిపోయి తన చెవులే తప్పు చేసినట్టు రెండు చేతులతో మూసుకున్నాడు. అక్క ఆయన చేతులు తీసి తన గొంతు మీద పెట్టుకుంది. ఇంకోసారి అంది. ఈసారి ఆయన వేళ్ళకు తెలిసింది.

డాక్టరమ్మ ఆఖరి మాట మాత్రం మాకెవరికీ నచ్చలేదు. "ఇంట్లో మాట్లాడుకోవడానికి ఈ గొంతు చాలు. జాగ్రత్తగా చూసుకుంటే ఎన్నేళ్ళయినా ఉంటుంది. క్లాసుకి మాత్రం చాలదు. అక్కడ ఖర్చుపెడితే ఇక్కడ ఉండదు. రెండూ కావాలంటే కుదరదమ్మా."

"మానెయ్ అక్కా" అన్నాను ఇంటికి రాగానే. "నేను ఎక్కడైనా చేరతాను. నువ్వు ఇంట్లో కూర్చుని మాట్లాడు, చాలు."

అమ్మ కూడా అదే అంది. సంగతి అమ్మ చెవిలో అరిచి చెప్పాక నాన్న అందరికంటే గట్టిగా అన్నాడు. "మర నా చెవులు తీసుకుంది, నేను ఊరుకున్నాను. నువ్వు ఊరుకోకు తల్లీ."

అక్క మా ముగ్గురినీ ఒక్కొక్కరిగా చూసింది. నేను ఆ పిలుపు కోసం కాచుకుని కూర్చున్నాను. ఇప్పుడంటుంది అనుకున్నాను.

"నాకొచ్చిన పని ఇదొక్కటే" అంది. తర్వాత, "వాళ్ళు నా దగ్గు నేర్చుకున్నారు. నేనే మాన్పించాలి."

ఆ రోజుకు ఆమె మాటలు అయిపోయాయి.

తిరిగి చేరే రోజు నేను కూడా వెళ్ళాను, క్లాసు అప్పగించాలి కదా. అక్క బల్ల దగ్గర నిలబడింది. పిల్లలు ఆమెనే చూస్తున్నారు. మాట్లాడబోతూ అలవాటు కొద్దీ, ఉహుఁ, అంది. క్లాసు మొత్తం ఒక్క గొంతుతో, ఉహుఁ, అంది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. ఈసారి ఆ నవ్వుకు చప్పుడుంది, చిన్నదే.

"మొదటి పాఠం" అంది.

లేచి నిలబడ్డారు. మబ్బూ మబ్బూ అని మొదలుపెట్టారు. అక్క చెయ్యి మెల్లగా బల్లమీదకు దిగింది. ఆగవూ దగ్గరికి వచ్చేసరికి ఆమె మొహం చూసి నేను తల తిప్పుకున్నాను. పోయిన తన గొంతును ఆమె వినడం అదే మొదలు.

వరండాలో ప్రిన్సిపాల్ గారు వచ్చి నిలబడ్డాడు. గుమ్మం చాటు నుంచి ఆయనకు పిల్లలు కనపడరు, వినపడతారు, అంతే. ఆమె చెబుతుంటే పిల్లలు వెంట పలుకుతున్నారనుకున్నాడేమో. "బాగానే వచ్చిందే మీ అక్క గొంతు!" అన్నాడు.

"వచ్చిందండీ" అన్నాను.

సీటు నిలబడింది.

నాకు తర్వాత ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. మొదటి జీతంతో అక్కకు నడుముకు కట్టుకునే చిన్న మైకు కొన్నాను. నాలుగు రోజులు వాడాక పక్క క్లాసుకు ఇబ్బందిగా ఉందని సర్క్యులర్ వచ్చింది. లెక్కల మేడమ్ వెళ్ళి, పక్క క్లాసు నాదే, నాకేం ఇబ్బంది లేదు అని గొడవపెట్టుకుంది. ఇప్పుడు అక్క సౌండు తగ్గించి వాడుతోంది. నా జీతం కూడా ఇంటికి వస్తోంది కాబట్టి ట్యూషన్లు మాన్పించగలిగాం. క్లాసు మాన్పించలేకపోయాం. డాక్టరమ్మ చెప్పినట్టే అవుతోంది. కొత్త పెన్సిలులా వచ్చిన ఆ గొంతు రోజురోజుకూ మొద్దుబారుతోంది. ఇంట్లో మళ్ళీ చప్పట్లే. రెండు కొడితే అమ్మా నేనూ తిరిగి చూస్తాం, అమ్మ భుజం తట్టాక నాన్నా చూస్తాడు. వసపిట్టా అని ఇంతవరకూ అనలేదు. నేను అడగలేదు. సాయంత్రాలు ఆమె పుస్తకాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని, ఆఫీసు కబుర్లన్నీ నేనే చెబుతాను. ఎప్పుడైనా నేను మాటలు ఆపితే ఎర్ర పెన్నుతో నా మోచేతిని పొడుస్తుంది, చెప్పు అని.

దగ్గు మాన్పిద్దామనుకుంది, కుదరలేదు. ఆ పిల్లలు పై తరగతులకు వెళ్ళిపోయారు. అక్కడ కూడా అలాగే చదువుతున్నారట. పెద్దవాళ్ళవుతారు, ఎక్కడెక్కడికో వెళతారు. ఎప్పుడైనా ఒక ఆఫీసులోనో, ఒక సభలోనో ఎవరైనా కాగితం తీసి చదవబోతూ, జలుబు లేకుండానే, ఉహుఁ, అని చిన్నగా గొంతు సవరించుకుంటే, ఒక్క క్షణం ఆగండి. వాళ్ళకు చదవడం నేర్పింది ఎవరో వాళ్ళు మరిచిపోయి ఉండొచ్చు. మీరు మాత్రం మా అక్కను గుర్తు చేసుకోండి.